పేరు గడి

మా మందుల షాపులో కౌంటరు కింది సొరుగులో పొడుగాటి రిజిస్టరు ఒకటి ఉంటుంది. షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు. 2014 మార్చి నుంచి ప్రతి మందుల షాపూ దాన్ని రాయాలి. టీబీ మందులు, కొన్ని గట్టి యాంటీబయాటిక్‌లు, కొన్ని నిద్రబిళ్లలు అమ్మినప్పుడు చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామో అందులో ఎక్కించాలి. మూడేళ్లు దాచాలి. డి ఫార్మసీ చదువుకుని బందరు రోడ్డు మీద, కంకిపాడుకి ఇవతల షాపు పెట్టుకుని ఇరవై ఆరేళ్లయింది నాకు. స్కేలు పెట్టి గీతలు గీసి, నీలం ఇంకుతో కుదురుగా రాస్తాను.

2020 నుంచి 2023 దాకా ఆ రిజిస్టరులో రోగి పేరు ఉండాల్సిన గడిలో నలభై మూడు చోట్ల నేను రాసింది ఒకటే మాట. ‘ఒరియా’. చిరునామా దగ్గర ‘బట్టీ’. డాక్టరు పేరు దగ్గర, ఆ మనుషుల్ని ఎన్నడూ చూడని ఒక డాక్టరు పేరు. చీటీ లేకుండా అమ్మాను కాబట్టి అలా రాయాల్సి వచ్చింది. అది తప్పని రాసేటప్పుడే తెలుసు. కానీ పేరు గడిలో రాసింది తప్పని మాత్రం నాకు తోచనే లేదు. స్టాకు లెక్క సరిపోయింది, అదే చాలనుకున్నాను.

ఆ నలభై మూడింట్లో ఒకావిడ గురించి చెప్పుకోవాలని కూర్చున్నాను.

మా షాపుకి కిలోమీటరు లోపలికి, కరకట్ట వైపు, ఇటుకల బట్టీలున్నాయి. ఊకతో కాలుస్తారు. చలికాలం పొద్దున్నే ఆ పొగ పొలాల మీద మంచులో కలిసి కదలకుండా ఉండిపోతుంది. పనిచేసేవాళ్లు చాలావరకు పడమటి ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వస్తారు. అక్కడ కొత్త బియ్యం పండుగ నువాఖాయి అయిపోయాక కూలీల్ని కుదిర్చే సర్దారు ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడట. దాదన్ అంటారు దాన్ని. ఆ అడ్వాన్సు ఒక్క మనిషికి కాదు, మొగుడూ పెళ్లాం, వాళ్ల వెంట ఒక పిల్లో పిల్లాడో కలిసిన జట్టుకి. మన దగ్గర దీపావళి దాటాక దిగుతారు. మట్టి తొక్కుతారు, అచ్చులు పోస్తారు, ఆరబెడతారు, మోస్తారు. వెయ్యి ఇటుకలకి ఇంతని లెక్క. వారం వారం తిండి ఖర్చుకి కొంత చేతికొస్తుంది. మిగతాది అడ్వాన్సు కోసుకుని తొలకరికి ముందు ఇస్తారు. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నదే. వాళ్లు నా షాపుకి వస్తూ పోతూ ఉన్న అన్నేళ్లూ నాకు తెలిసింది ఒక్కటే: వానలు పడితే వెళ్లిపోతారు.

నా బుద్ధి తక్కువతనమంతా ఆ మాటలోనే ఉంది. వెళ్లిపోయేవాళ్లు కదా అనుకున్నాను. ఏడాదిలో ఆరేడు నెలలు ఇక్కడే ఉంటున్నారని, ఊళ్లో చాలామంది కొడుకులు కూతుళ్ల కంటే ఎక్కువ రోజులు ఈ నేల మీద గడుపుతున్నారని లెక్క కట్టుకోలేదు.

షాపు ముందు బెంచీ, రెండు కుర్చీలు ఉన్నాయి. ఊరివాళ్లు కూర్చుని బీపీ చూపించుకుంటారు, పంటల గురించి మాట్లాడతారు. బట్టీవాళ్లు అక్కడికి వచ్చేవాళ్లు కాదు. పక్క సందులో ఒక కిటికీ ఉండేది, అక్కడ నిలబడేవాళ్లు. ఆ ఏర్పాటు వాళ్లు చేసుకున్నది కాదు. ఒళ్లంతా మట్టి, ఊక బూడిద, కౌంటరు పాడవుతోందని మొదట నేనే అటు చెయ్యి చూపించాను. ఊళ్లో ఒక పెద్దావిడ ‘వాళ్ల పక్కన నన్ను నిలబెడతావేంట్రా’ అన్నాక అది కట్టుబాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు కూడా ఎవరూ చెప్పకుండానే సందులోకి వెళ్లేవాళ్లు. ఒక సీజను వాళ్లు ఇంకో సీజను వాళ్లకి చెప్పి ఉంటారు.

ముందువైపు వచ్చినవాళ్లని నేను అయిదు ప్రశ్నలు అడుగుతాను. ఎన్నాళ్ల నుంచి, జ్వరం ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు, షుగరుందా, ఆడపిల్లైతే నెల తప్పిందా. చదువుకున్నప్పుడు పట్టుబడిన అలవాటది. కిటికీ దగ్గర ఒక్కటీ అడిగేవాణ్ణి కాదు. భాష రాదు కదా అని సరిపెట్టుకున్నాను. వేళ్లు చూపిస్తే రోజులు తెలుస్తాయి. అంతమాత్రం ప్రయత్నం కూడా చేయలేదు.

ఆడవాళ్లు చాలామంది ఒకే బాధతో వచ్చేవాళ్లు. పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని మొహం తిప్పుకునేవాళ్లు. ఒంటేలు మంట. మందు సీసా ఇచ్చి, నాకొచ్చిన ఒక్క ఒడియా మాట వాడేవాణ్ణి. ‘పాణి, పాణి. బాగా తాగాలి.’ తల ఊపి వెళ్లిపోయేవాళ్లు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చేవాళ్లు. సరిగా వాడరు, చెప్పింది వినరు అని మా ఆవిడతో అనేవాణ్ణి.

బట్టీలో మరుగుదొడ్డి లేదు. చుట్టూ పొలాలు, అవన్నీ ఎవరివో ఒకరివి. పగలు అటు వెళితే గట్టు మీద నుంచి కేకలేస్తారు. అందుకని తెల్లవారుజామున, మళ్లీ చీకటి పడ్డాకే వెళతారు. పగలంతా ఆపుకోవాలంటే నీళ్లు తగ్గించడమే దారి. ఎండలో, బట్టీ సెగలో, వంగి అచ్చులు పోస్తూ గొంతు తడిపేంత తాగి ఊరుకుంటారు. అలా ఉంటే మంట వస్తుంది, రాళ్లు వస్తాయి. ఎండాకాలంలో వడదెబ్బ తగిలితే తట్టుకునే శక్తి ఉండదు. 2015 మేలో వడగాడ్పులకి ఒక్క మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ నెలంతా ఓఆర్ఎస్ అమ్మినవాణ్ణి నేను. దాహం వేసినా తాగకుండా ఉండేవాళ్లు ఉంటారని, అందుకు కారణం నా ఊరేనని నాకు తట్టలేదు. వాళ్లకి నేను చెప్పిన ‘పాణి’ ఎంత క్రూరమైన సలహానో ఇప్పుడు తెలుస్తోంది.

2020 సంగతి కూడా చెప్పాలి. ఆ మేలో మద్రాసు వైపు నుంచి జనం హైవే మీద నడిచి వచ్చారు. తాడేపల్లి, వారధి, బెంజి సర్కిల్ మీదుగా, పిల్లల్ని భుజాన వేసుకుని, ఒడిశాకి, బీహారుకి. మే 15న మన హైకోర్టు వాళ్లకి తిండి, నీళ్లు, తాత్కాలిక మరుగుదొడ్లు ఏర్పాటు చేయమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. మేం నలుగురు స్నేహితులం రామవరప్పాడు రింగు దగ్గర మూడు రోజులు మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచాం. ఒకతని కాళ్లు బొబ్బలెక్కి ఉంటే నేనే కూర్చుని మందు రాశాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాను కూడా. అవి నిజమైన కన్నీళ్లే. ఆ మూడు రోజుల్లో ఒక్కసారైనా, ఆ జిల్లాల నుంచే వచ్చి రైళ్లు లేక మా బట్టీలో ఇరుక్కుపోయినవాళ్ల దగ్గరికి ఒక్క ప్యాకెట్టు పట్టుకెళ్లాలని తోచలేదు. నడిచిపోతున్నవాళ్లు మనుషుల్లా కనిపించారు. రోజూ కిటికీ దగ్గర నిలబడేవాళ్లు కనిపించలేదు.

ఇక ఆవిడ. 2022 డిసెంబరులో మొదటిసారి వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది. దగ్గు చూపించింది. దగ్గు మందు ఇచ్చాను. పది రోజులకి మళ్లీ వచ్చింది. ఇంకో సీసా. మూడోసారి సాయంత్రం జ్వరం కూడా ఉన్నట్టుంది, శాలువా కప్పుకుని వచ్చింది. అప్పుడు సెట్టు కట్టిచ్చాను. జ్వరం బిళ్ల, దగ్గు బిళ్ల, ఒక చిన్న స్టెరాయిడ్ బిళ్ల, అయిదు రోజులకి లీవోఫ్లాక్సాసిన్. మా వృత్తిలో ఉన్నవాళ్లకి ఇక్కడే గుండె ఆగాలి. ఆ యాంటీబయాటిక్ టీబీ క్రిమిని కొంతకాలం అణిచిపెడుతుంది. పూర్తిగా చంపదు. దగ్గు తగ్గినట్టవుతుంది, రోగం బయటపడటం వారాల తరబడి ఆలస్యమవుతుంది. స్టెరాయిడ్ జ్వరాన్ని దించి, ఒంట్లో ఉన్న కాస్త రోగనిరోధక శక్తినీ తగ్గించేస్తుంది. నాకివి తెలియనివి కావు. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్లె పరీక్ష చేయించాలని షాపులవాళ్లకి పెట్టిన శిక్షణకి నేనూ వెళ్లాను. ఆ పోస్టరు నా షట్టరు మీదే అంటించి ఉంది. తెలుగులో. సందులోంచి చూస్తే కనిపించదు.

సంక్రాంతి దాటాక వచ్చినప్పుడు ఆవిడ ఒక పని చేసింది. చేతికున్న తెల్లటి లోహపు గాజుని మణికట్టు దగ్గర పట్టుకుని పైకి జరిపింది. మోచేతి దాకా. మళ్లీ కిందికి తెచ్చి మళ్లీ జరిపింది. నా మొహంలోకి చూసింది. డబ్బుల్లేక గాజు తాకట్టు పెట్టుకోమంటోంది అనుకున్నాను. చెయ్యి ఊపి, ‘అదేం వద్దు, డబ్బులు తెచ్చుకో’ అన్నాను. ఆవిడ ఇంకోసారి గాజు జరిపింది. నేను ముందువైపు కస్టమరు దగ్గరికి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి లేదు.

ఫిబ్రవరిలో ఒక రోజు బెజవాడ హోల్‌సేల్‌కి సరుకు కోసం వెళ్లాను. షాపులో మా ఆవిడ కూర్చుంది. ఆమె పదో తరగతితో ఆపేసింది, మందుల పేర్లు డబ్బాలు చూసి గుర్తుపడుతుంది. నేను బస్సు దిగేసరికి ఆ ఒడిశా అమ్మాయి షాపు ముందు కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో మా ఇంటి స్టీలు గ్లాసు. మా ఆవిడ నన్ను లోపలికి పిలిచి, ‘ఏవండీ, ఆ పిల్ల గాజు ఎక్కడిదాకా జారుతోందో చూశారా? వచ్చినప్పుడు ఇక్కడ బిగుతుగా ఉండేదట. మూడు నెలల్లో ఎంత చిక్కిపోయిందో చెబుతోంది పాపం. కొంగు చూడండి, నెత్తురు’ అంది.

బరువు తగ్గడం. టీబీ అనుమానించడానికి చదువుకున్న నాలుగు లక్షణాల్లో ఒకటి. నెల రోజుల ముందే ఆవిడ తన ఒంటి మీది గాజుతో కొలిచి మరీ చూపించింది. దానికి భాష అక్కర్లేదు. నాకు కనిపించింది తాకట్టు. పేదవాళ్లు కిటికీ దగ్గరికి వస్తే డబ్బు విషయమే అయ్యుంటుందని ముందే తీర్మానించుకున్న కళ్లకి ఇంకేం కనిపిస్తుంది?

కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. ఏ రాష్ట్రం మనిషైనా ఇస్తుంది, ఆ విషయంలో ఎవరినీ తప్పుపట్టలేం. తిండి కోసం నెలకి 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసే పథకం కూడా అప్పటికే ఉంది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. కానీ నెత్తురు పడేదాకా ఆలస్యమైన ఊపిరితిత్తికి వేరే వైద్యం కావాల్సి వస్తే ఆరోగ్యశ్రీ వర్తించేది కాదు, దానికి అప్పట్లో మన రాష్ట్రపు కార్డు ఉండాల్సి వచ్చేది. ఆయుష్మాన్ భారత్‌లో ఒడిశా చేరింది 2025లో. ఆ మధ్యలో ఉన్న మనిషి ఎక్కడి మనిషీ కాదు.

నాలుగు రోజులకి టీబీ విభాగం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఒకరికి తేలితే ఆ గుడిసెలో, పక్క గుడిసెల్లో ఉన్నవాళ్లందరినీ చూడాలి. బట్టీలో అడిగితే భయపడి ఎవరూ నోరు విప్పలేదట. ‘దగ్గుకి మీ దగ్గరే మందులు కొంటారంటండీ, ఎవరెవరో చెప్పగలరా?’ అంది. సొరుగులోంచి రిజిస్టరు తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి వేలు పెట్టి గడి వెంట గడి దిగుతూ వచ్చింది. పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. తలెత్తి అడిగింది. ‘వీళ్లంతా ఒకళ్లేనా అండీ?’

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అన్నేళ్లు ఆ మనుషుల చేతుల్లో నా చేత్తో మందులు పెట్టాను. ఒక్క పేరు చెప్పలేకపోయాను. ఒక మొహం గుర్తు చెప్పి వెతికించలేకపోయాను. చివరికి ఆ అమ్మాయి, మా ఊరి ఆశా కార్యకర్త కలిసి మూడు సాయంత్రాలు గుడిసెల మధ్య కూర్చుని పేర్లు రాసుకున్నారు. ఆశా దగ్గరున్న జాబితా ఇంటి నంబరుతో మొదలవుతుంది. ఆ గుడిసెలకి నంబర్లు లేవు. ఆమె కొత్త కాగితం మీద ఒకటి, రెండు అని వేసుకుంటూ పోయింది. ఇంకో ఇద్దరికి రోగం ఉన్నట్టు తేలింది. అందులో ఒకతను నవంబరు నుంచే దగ్గుతున్నాడు. అతనికీ నేను సెట్టు కట్టిచ్చానా? ఇచ్చే ఉంటాను. నలభై మూడు గడుల్లో అతనెక్కడున్నాడో నేను చెప్పలేను.

అప్పటికైనా మారానా అంటే, వెంటనే మారలేదు. దీన్ని దాచుకుంటే మొదట చెప్పిందంతా వృథా. బట్టీలో టీబీ అని ఊళ్లో తెలిసింది. షాపు ఎదురుగా ఊరి కుళాయి ఉంది. మర్నాడు పొద్దున బట్టీ ఆడవాళ్లు బిందెలు పట్టుకొస్తే మావాళ్లు పెట్టనివ్వలేదు. కుళాయికి, బిందెకి, నీళ్లకి టీబీతో ఏ సంబంధమూ లేదు. మూసుకుపోయిన చోట దగ్గితే గాలిలో అంటుకునే రోగమది. మందులు మొదలైన కొన్ని వారాల్లో అంటుకునే గుణం బాగా తగ్గిపోతుంది. ఆ రోడ్డు మీద ఈ సంగతి చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగడుగులు వేసి చెప్పాల్సింది. బెంచీ మీద కూర్చునేవాళ్లే అడ్డం నిలబడ్డారు, వాళ్లే నా కస్టమర్లు. షట్టరు తీసి దీపం వెలిగించుకుంటూ ఉండిపోయాను. ఆడవాళ్లు కాలవ వైపు నడిచారు. ఆ వారం కిటికీ దగ్గర పిల్లల విరేచనాలకి మందులు అడిగినవాళ్లు ఎక్కువయ్యారు.

కుళాయి దగ్గరికి వెళ్లి మాట్లాడింది మా ఆవిడే, ఎనిమిదో రోజు. నేను ఆమె వెనక నిలబడ్డాను.

ఆ తర్వాత నిద్రపట్టని రాత్రుల్లో చదవడం మొదలుపెట్టాను. 1959లో మద్రాసు పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. టీబీ రోగిని శానటోరియంలో పెట్టక్కర్లేదు, ఇంట్లో ఉంచి మందులిచ్చినా అంతే బాగా నయమవుతుందని. ప్రపంచమంతా ఆ దారినే నడిచింది. మదనపల్లె ఆరోగ్యవరం లాంటి చోట్ల మంచం దొరకని పేదలకి అదెంత పెద్ద మేలో! కానీ ఇంట్లో వైద్యానికి ఇల్లుండాలి. పక్కింటివాళ్లు ఉండాలి. ఇవాళ మందు వేసుకున్నావా అని అడిగేవాళ్లు ఉండాలి. పైన రేకు, చుట్టూ పచ్చి ఇటుకలు పేర్చిన గూడులో అయిదుగురు పడుకునే చోటుని ఏమనాలి?

1979లో వలస కార్మికుల కోసం పార్లమెంటు చట్టం చేసింది. ఒడిశా దాదన్ కూలీల బాధల్లోంచే ఆ చట్టం పుట్టింది. ఉండటానికి తగిన చోటు, ఉచితంగా వైద్యం కల్పించాలని ఆ చట్టం చెప్పింది. ఇంకొకటి కూడా చెప్పింది. ప్రతి మనిషికీ ఫొటో అంటించి, వివరాలు రాసిన పాసుపుస్తకం ఇవ్వాలని. అది చదివినప్పుడు నా రిజిస్టరు గుర్తొచ్చింది. నలభై ఏళ్ల కిందటి చట్టం కూడా ముందు అడిగింది పేరే. ఇలా పట్టించుకోకపోవడం మన దగ్గరే కాదు. కరోనాని బాగా కట్టడి చేస్తోందని మొదట్లో అందరూ మెచ్చుకున్న సింగపూరు కూడా కార్మికుల డార్మిటరీల్ని చూసుకోలేదు. 2020 ఆఖరుకి లెక్కేస్తే ఆ డార్మిటరీల్లో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి సోకింది. అక్కడున్నవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు.

ఆవిడ మందులు మానకుండా వేసుకుంది. ఏప్రిల్లో దగ్గు తగ్గింది. పొద్దున పనికి వెళ్లే ముందు షాపు దగ్గరకొచ్చి నా ఎదుటే బిళ్లలు వేసుకునేది, మా ఆవిడ ఇచ్చిన ఇడ్లీ తినేది. కుర్చీలో ఎప్పుడూ పూర్తిగా ఆనుకుని కూర్చోలేదు, అంచు మీదే. గాజు మోచేతి నుంచి కొంచెం కిందికి దిగింది. ఒకసారి తనే దాన్ని జరిపి చూపించి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. జనవరిలో నేను తాకట్టు అనుకున్న సంగతి ఆవిడకి తెలుసో లేదో. క్షమించమని అడగాలని మాటలు నేర్చుకున్నాను, నోటికి రాలేదు.

జూన్ మొదటి వారంలో వెళ్లిపోయారు. కోర్సు ఆగస్టు దాకా ఉంది. టీబీ విభాగంవాళ్లు ఆవిడ వివరాలు వాళ్ల జిల్లాకి బదిలీ చేశారు, దారికి సరిపడా మందులిచ్చారు. నేను ఆవిడ పేరు, ఊరు, పంచాయతీ, మొగుడి ఫోను నంబరు ఒడియా తెలిసిన ఒక లారీ క్లీనరు చేత అడిగించి రాసుకున్నాను. పేరు రెండుసార్లు తప్పు పలికితే ఆవిడే సరిదిద్దింది.

మరుసటి సీజనుకి ఆవిడ రాలేదు. సర్దారుని అడిగితే ఇంటి దగ్గరే ఉందన్నాడు. ఆ ఊరివాడే ఇంకొకడు, తమిళనాడు బట్టీకి వెళ్లారన్నాడు. ఇప్పుడు సందులో కిటికీ మూయించాను. అందరూ ముందుకే వస్తారు. అయినా బెంచీ మీద కూర్చోరు, మెట్టు మీదే నిలబడతారు. పేరు అడిగితే ముందు భయపడతారు, ఏదో కేసు అనుకుని. రెండోసారి వచ్చినప్పుడు చెబుతారు. కొత్త రిజిస్టరులో గడులు వెడల్పుగా గీసుకున్నాను. పూర్తి పేర్లు పట్టాలి కదా.

ఆ నంబరుకి నెలకోసారి ఫోను చేస్తుంటాను. రింగవదు. ఒకమ్మాయి గొంతు ఒడియాలో ఏదో చెబుతుంది, స్విచ్ఛాఫ్ చేసి ఉందనే అర్థం అనుకుంటాను. ఇన్నేళ్లలో ఆ భాషలో నాకు మొదటి నుంచి చివరి దాకా కంఠతా వచ్చిన వాక్యం అదొక్కటే.